ఈతబట్టకు ఆది

1961 వేసవి. బందరులో కోనేరు సెంటరు దగ్గర ఒక సందులో నాది ఆడవాళ్ళ బట్టలు కుట్టే కొట్టు. ఒక మిషను, ఒక కత్తిరింపు బల్ల, గళ్ళ గుడ్డతో ఒక పరదా. నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు. బడి చదువు ఐదో తరగతితో సరి. మిగతాదంతా పొట్లాలు కట్టిన కాగితాలూ, తానుల మీద అంటించే ఇంగ్లీషు చీటీలూ చదివి నాకు నేను నేర్చుకున్నదే. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తనకు తెలియనిది లోకంలో లేదనుకుంటాడు. నాకా జబ్బు గట్టిగానే ఉండేది.

మా వృత్తిలో ‘ఆది’ అనే మాట ఒకటుంది. ఆ రోజుల్లో ఆడమనిషి ఒంటి మీద టైలరు టేపు పెట్టడం తప్పు. తనకు సరిపోయిన పాత జాకెట్టు ఒకటి పంపేవారు. దాన్ని బల్ల మీద పరిచి, దాని కొలతలు తీసి, కొత్తది కుట్టేవాళ్ళం. ఆ పాత జాకెట్టే ఆది. పదేళ్ళుగా నా చేత కుట్టించుకుంటున్న ఇల్లాలు బజార్లో ఎదురైనా నేను గుర్తుపట్టేవాణ్ణి కాదు. ఆమె భుజం వెడల్పు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అది నా మర్యాద అనుకుని గర్వపడేవాణ్ణి.

ఒక రోజు మధ్యాహ్నం మోపిదేవి మీదుగా వచ్చే బస్సు దిగి సుగుణమ్మగారు నా కొట్టుకు వచ్చారు. దివిసీమ లంకల్లో పురుళ్ళు పోసే మిడ్‌వైఫ్ ఆవిడ. నలభై ఆరేళ్ళ మనిషి, కాస్త భారీ ఒళ్ళు, ముగ్గురు పిల్లల తల్లి. భర్త క్రైస్తవ మిషన్ వాళ్ళ బడిలో మేష్టారు. చేతిసంచీలోంచి ముదురు నీలం రంగు అల్లిక బట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. నేను పసిపిల్లల స్వెట్టరేమో అనుకున్నాను.

“ఇది దొరసానులు ఈతకి వేసుకునేది తమ్ముడూ. నేను ట్రైనింగ్ అయిన ఆస్పత్రిలో ఒక దొరసాని ఇంగ్లండు వెళ్ళిపోతూ ఇచ్చిపోయింది. ఆవిడ వెదురు కర్రలా ఉండేది. నాకు తొడల దగ్గరే ఆగిపోయింది. ఒకటి రెండు కుట్లు విప్పి ఎలాగో దూరి నీళ్ళలో దిగితే, తడిసిన ఊలు బరువెక్కి మోకాళ్ళ దాకా జారింది. నా ఒంటికి సరిపడేది ఒకటి కుట్టు.”

నాకు బల్ల మీదున్న ఆ బట్టను ముట్టుకోవడానికి కూడా చెయ్యి రాలేదు. వీధిలో ఎవరన్నా చూస్తున్నారేమోనని తల తిప్పి చూసుకున్నాను.

“మేష్టారికి తెలుసాండీ?” అన్నాను చివరికి.

“ఆయనే బస్సెక్కించారు. అడుగు, ఇంకేం అడుగుతావో.”

“ఈ వయసులో ఈత ఎందుకండీ?”

అప్పుడు చెప్పారు. అంతకు ముందు ఏడు కార్తీకంలో ఒక పురుటికి పిలుపు వస్తే, ఆవిడా ఆయా మరియమ్మా నాటుపడవలో కృష్ణ పాయ దాటుతున్నారు. గాలికి పడవ ఒరిగి తిరగబడింది.

“నాకు ఈత వచ్చు. చిన్నప్పుడు కాలవలో మగపిల్లల మీద పందెం గెలిచిన దాన్ని. పన్నెండో ఏట ఓణీ వేసి గట్టుమీద కూర్చోబెట్టారు. ఆ రోజు నీళ్ళలో పడగానే చీర మోకాళ్ళకి చుట్టుకుంది. కాలు ఆడదే. పడవ చెక్క పట్టుకుని వేలాడాను. మరియమ్మ రెండు బారల దూరంలో ఉంది. ‘అమ్మగారూ’ అని రెండు సార్లు పిలిచింది. నేను వెళ్ళలేకపోయాను.”

ఆవిడ గొంతు మారలేదు. కేసు షీటు చదివినట్టు చెప్పారు.

“అప్పట్నించీ పడవ చూస్తే నాకు కాళ్ళు వణుకుతున్నాయి. నెలలు నిండినవాళ్ళని అవతలి నించి ఇటు తెమ్మంటున్నాను. అంతా రాలేరుగా. మళ్ళీ ఈదగలను అని నా కాళ్ళకీ చేతులకీ తెలిస్తే పడవెక్కుతాను. తెలియకపోతే ఈ పని మానెయ్యాలి. అవతల ఇంకో మంత్రసాని కూడా లేదు.”

ఏం కావాలో వివరంగా చెప్పారు. పైన జాకెట్టులాంటిది, కింద మోకాళ్ళ దాకా నిక్కరు, రెండూ కలిసి ఒకటే బట్ట. చేతులు ఉండకూడదు. తడిస్తే ఒళ్ళు కనపడకూడదు, ఒంటికి అంటుకోకూడదు. మెడ చుట్టూ తెల్ల పైపింగ్ వెయ్యాలి. పైపింగ్ అంటే అంచు వెంట సన్నగా మడిచి కుట్టే వేరే రంగు పట్టీ.

“పైపింగ్ ఎందుకండీ, నీళ్ళలో ఎవరు చూస్తారు?”

“నేను చూసుకుంటానయ్యా. నేను అందులో బాగుండాలి. నన్ను చూసి నాకే సిగ్గేస్తే రెండో రోజు దిగను. రెండో రోజు దిగకపోతే మళ్ళీ ఎప్పటికీ దిగను. కొలత తియ్యి.”

“మా కొట్లో ఆడవాళ్ళకి టేపు పెట్టమండి. ఆది జాకెట్టు పంపండి.”

“ఈతబట్టకి ఆది ఏంటి తమ్ముడూ?” అన్నారు. నేను తల వంచుకుని కత్తెర తుడుచుకుంటూ నిలబడ్డాను. నాలుగు రోజుల తరవాత మేష్టారు బందరు వస్తూ ఆవిడ జాకెట్టు తెచ్చి ఇచ్చారు.

దాన్ని బల్ల మీద పరిచాను. పక్క కుట్లు మూడు సార్లు విప్పి వదులు చేసిన గుర్తులున్నాయి. ఒక్కో కాన్పుకు ఒక్కోసారి అనుకుంటాను. నడుం దగ్గర లోపలి మడత అంతా అయిపోయింది. చంక గుండ్రం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని ఆర్మ్‌హోల్ అంటాం. అక్కడ విప్పడానికి అదనపు గుడ్డ ఉండదు. అంటే ఆ మనిషి ఒళ్ళు నలభై ఆరేళ్ళది, జాకెట్టు చంక పెళ్ళినాటిది. ఈ సంగతి ఆ రోజే నా కంటపడింది. పడినా దాని కొలతే తీసుకున్నాను. ఆది అంటే ఆది.

అంతటితో ఆగలేదు. ఆవిడ చేతులు వద్దంటే నేను మోచేతుల దాకా పెట్టాను. నిక్కరు మీద కుచ్చిళ్ళతో ఒక పావడా లాంటిది తిప్పాను. పల్చటి గుడ్డయితే బాగుండదని ఖాకీ నిక్కర్లు కుట్టే మందపాటి డ్రిల్ గుడ్డ వాడాను. పైపింగ్ వెయ్యలేదు. పెద్ద వయసు ఆవిడ, నలుగురూ ఏమనుకుంటారని ఆవిడ తరఫున నేనే అనుకున్నాను. ఇక కుట్టు సంగతి చెప్పక్కర్లేదు. చంక చుట్టూ రెండు వరసలు వేశాను. గుడ్డ చిరిగినా నా కుట్టు ఊడదని బందరంతా చెప్పుకునేవారు.

పక్క కొట్టు గొడుగులు బాగుచేసే వీరభద్రానిది. నాకు వరసకు బావ. కుడుతున్నది చూసి ఊరుకున్నాడా?

“ఏం బావా, నీళ్ళలోకి కుడుతున్నావంట. గిలకలదిండి చేపల రేవుకెళ్ళి బోర్డు పెట్టు. చేపలకి జాకెట్లు కుట్టబడును అని.”

నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఈ వయసులో కూడా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బట్ట పంపిన పదిహేను రోజులకు ఆవిడ మళ్ళీ వచ్చారు. ఎండకు గొడుగు కూడా వేసుకోలేదు. సంచీలోంచి నేను కుట్టిన బట్ట తీసి బల్ల మీద పరిచారు. తరవాత పమిట కాస్త తొలగించి కుడి చంక దగ్గర చూపించారు. గుడ్డ ఒరిసి చర్మం లేచి నల్లగా పక్కు కట్టింది.

“హంసలదీవి దగ్గర పాయలో దిగాను. పల్లె ఆడవాళ్ళు గట్టు మీద ఉన్నారు. నడుముకి తాడు కట్టుకోమంటే కట్టుకున్నాను, మంచిదయ్యింది. నాలుగు బారలు వేశాను. ఐదో బారకి చెయ్యి పైకి లేవదే. నీళ్ళకి బట్ట బిగుసుకుంది. చెయ్యి ఎత్తితే నడుం దగ్గర లాగుతుంది, నడుం సర్దుకుంటే మెడ దగ్గర పట్టేస్తుంది. నువ్వు పెట్టిన పావడా గొడుగులా తేలి మొహం మీదికొచ్చింది. రెండు గుక్కలు మింగాను. మరియమ్మ పిలిచినట్టే వినపడింది.”

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

“కుట్టు ఊడితే బయటపడతానని శాయశక్తులా గుంజాను తమ్ముడూ. ఊడలేదు. ఎంత గట్టిగా కుట్టావయ్యా.”

ఆ మాట నిందగా అనలేదు. నిజంగా ఆశ్చర్యపోయి అన్నారు. ముప్పై ఏళ్ళు మిషను తొక్కాను, ఎన్నో మెప్పులు విన్నాను. అవన్నీ మరిచిపోయాను. ఈ మెప్పు మాత్రం పోలేదు.

బట్టను చేతుల్లోకి తీసుకుని చంక దగ్గర గుంజి చూశాను. చెక్కు చెదరలేదు. గట్టు మీద తాడు పట్టుకున్న మనిషి లేకపోతే ఆ రెండు వరసల కుట్టు ఒక మనిషిని ముంచేసేది. నా మర్యాద ముంచేసేది. ఆవిడ అడిగింది ఒకటి, నేను కుట్టింది ఇంకొకటి. అడిగింది అడిగినట్టు కుడితే నా సొమ్మేం పోయింది? ఊళ్ళో ఎవరో ఏదో అనుకుంటారని, ఆ ఎవరో పేరు కూడా తెలియకుండానే, ఒక మనిషి చెయ్యి కట్టేశాను.

“ఇంక వద్దులెండి అమ్మగారూ. ఇంకొకరి చేత కుట్టించుకోండి” అన్నాను.

“ఇంకొకడూ ఆదే అడుగుతాడు. నీకైతే ఇప్పుడు భయం వచ్చింది. నువ్వే కుట్టు.”

వెనక ఇంట్లోంచి మా ఆవిడ రాజ్యం ఇదంతా వింటూనే ఉంది. టేపు మేకు మీంచి తీసి పరదా పక్కకు లాగింది. “రండి వదినగారూ, నేను కొలుస్తాను. ఆయన బయట నిలబడి రాసుకుంటారు” అంది.

పరదాకు ఇవతల నేను సుద్దా పలకా పట్టుకున్నాను. అవతలి నుంచి సుగుణమ్మగారి గొంతు వినపడింది. “అలా కాదమ్మా. చేతులు దించుకుని నిలబడితే మీ ఆయన ఆదే వస్తుంది. నిలబడి ఎవరన్నా ఈదుతారా? ఇదిగో, చేతులెత్తుతున్నాను, ఇప్పుడు కొలు. ముందుకి వంగుతున్నాను, ఇప్పుడు కొలు.”

రాజ్యం అంకెలు చెబుతుంటే రాసుకున్నాను. చేతులు దించినప్పటి వీపుకూ, ఎత్తినప్పటి వీపుకూ మూడు వేళ్ళ తేడా. అన్నేళ్ళూ నేను కొలిచింది బల్ల మీద పరిచిన గుడ్డను. కదిలే మనిషిని ఒక్కరోజూ కొలవలేదు.

ఆ సాయంత్రం వీరభద్రానికి జరిగింది చెప్పాను. మళ్ళీ ఏమంటాడోనని చూశాను. అతను చేతిలో ఉన్న గొడుగు ఊస వంచడం ఆపేశాడు. లోపలికి వెళ్ళి నల్ల గుడ్డ తాను తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

“గొడుగు గుడ్డ బావా. బిగువు నేత. నీళ్ళు పట్టుకోదు, ఒంటికంటుకోదు, వెలుగులో పెట్టినా అవతల మనిషి కనపడడు. చేపల మాట మర్చిపో.”

దాన్ని రెండుసార్లు తడిపి ఆరబెట్టి, ఐమూలగా కత్తిరించాను. అలా కత్తిరిస్తే సాగని గుడ్డ కూడా కాస్త సాగుతుంది. చేతులు పెట్టలేదు. చంక కింద గస్సెట్ వేశాను. అంటే చెయ్యి ఎత్తినప్పుడు తెరుచుకునే నలుపలకల ముక్క. పొట్ట దగ్గర అటూ ఇటూ ఏటవాలుగా రెండు డార్టులు, అంటే ఒంటి వంపుకు తగ్గట్టు పట్టే మడతలు, వేశాను. వాటివల్ల పొట్టను అదమక్కర్లేకుండానే బట్ట తీరుగా పడింది. మెడకు తెల్ల పైపింగ్ వేశాను. అది రెండుసార్లు విప్పి మళ్ళీ వేశాను, ఎక్కడా ఒక నూలుపోగు వంకర ఉండకూడదని.

ఈసారి బట్ట పంపించి ఊరుకోలేదు. రాజ్యమూ నేనూ హంసలదీవి వెళ్ళాము. పల్లె ఆడవాళ్ళు పదిమంది గట్టు మీద ఉన్నారు. సుగుణమ్మగారు చీర విప్పి మడిచి ఒకరి చేతికిచ్చే వేళకు నేను మడ చెట్ల వైపు తిరిగి నిలబడ్డాను. రాజ్యం నా పక్కన నిలబడి చెబుతోంది.

“మోకాళ్ళ దాకా దిగారండీ. ఆగారు. నీళ్ళ వంక చూస్తున్నారు. తాడు కట్టించుకున్నారు. దిగారు. ఒక బార. రెండు. మూడు.”

నాలుగు తరవాత రాజ్యం మాట ఆగింది.

“ఏమయింది?” అన్నాను. వెనక్కి తిరగలేదు. ఆ క్షణంలో కూడా తిరగలేదు చూడండి, ఎంత చెడ్డ అలవాటో.

“లెక్క తప్పానండీ. ఆపకుండా వేస్తున్నారు.”

నీళ్ళలోంచి కేక వినపడింది. “ఓ తమ్ముడూ, చెట్లకి కుట్టావా నాకు కుట్టావా? ఇటు తిరిగి చూడు.”

తిరిగాను. పాయ మధ్యలో నల్లని నీళ్ళ మీద తెల్ల పైపింగ్ ఒక్కటి కనపడుతోంది. మరియమ్మ మునిగిందని పల్లెవాళ్ళు చెప్పిన చోటి దాకా వెళ్ళింది. అక్కడ కాసేపు కదలకుండా తేలింది. తరవాత మెల్లగా గట్టు వైపు తిరిగింది. పల్లె ముసలమ్మ ఒకావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని, “పెళ్ళికూతురులా ఉందే మా మంత్రసానమ్మ” అంది. గట్టెక్కాక ఆ మాట ఆవిడకు చెబితే జుట్టు పిండుకుంటూ, “విన్నాను. అందుకే ఇంకో నాలుగు బారలు వేశాను” అన్నారు.

ఆ వారమే ఆవిడ పడవెక్కారు. చీర కింద ఆ బట్ట వేసుకునే ఎక్కేవారట. చీరకు ముడి లేకుండా, గుంజితే ఊడి వచ్చేలా ఒక్క దోపు దోపుకునేవారట.

తరవాత నా కొట్లో పరదా వెనక టేపు పట్టుకుని రాజ్యం నిలబడేది. ఆది తెచ్చినవాళ్ళకు ఆది తిరిగి ఇచ్చేసేవాళ్ళం. కొందరు మానేశారు. సిగ్గులేని కొట్టు అన్నారు. అననివ్వండి. ఆ అన్నవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు అటక మీంచి బిందె దించలేక, చంక పిగులుతుందని చెయ్యి సగం ఎత్తి ఆపేసేవారు. అది నేను కళ్ళారా చూశాను. దాన్ని వాళ్ళు అణకువ అనుకున్నారు. అది ఆర్మ్‌హోల్.

ఆరేళ్ళ తరవాత సుగుణమ్మగారు మళ్ళీ వచ్చారు. జుట్టు సగం నెరిసింది, ఒళ్ళు ఇంకాస్త వచ్చింది. సంచీలోంచి ఆ నల్లబట్ట తీశారు. రంగు వెలిసింది, పైపింగ్ పసుపెక్కింది, చంకలో కుట్టు ఒక్కటీ కదల్లేదు.

“బిగువైంది తమ్ముడూ. ఇంకొకటి కుట్టు. ఆదికి ఇది తెచ్చాను.”

నేను దాన్ని మడిచి ఆవిడ సంచీలోనే పెట్టేశాను. రాజ్యం పరదా పక్కకు లాగింది.

“ఆది వద్దండి” అన్నాను. “లోపలికెళ్ళి చేతులెత్తండి.”