నిగార్ దించేసిన ఫొటో

సింగపూర్‌లోని బూన్ లే పేటలో నిగార్‌ని ఎరిగినవాళ్ళు ఆమెతో ఒక మాట అనేముందు కాస్త ఆలోచించుకుంటారు. తప్పు మాట వింటే ఆమెకి చిరాకు. దాన్ని దాచుకోవడం చేతకాదు. హన్మకొండలో పుట్టి, తెలుగు మీడియంలో చదివి, పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు. చాలా ఏళ్ళపాటు ఆదివారాలు కార్మికుల ఉచిత క్లినిక్‌లో తెలుగువాళ్ళ తరఫున మాట్లాడటానికి కూర్చునేది. డాక్టరు ఏం చెప్పినా తలూపి, బయటికొచ్చాక "అక్కా, ఇంతకీ ఏమన్నడు?" అని అడిగేవాళ్ళు. తలూపడం వేరు, ఒప్పుకోవడం వేరు అని ఆమె అక్కడే తెలుసుకుంది.

ఇప్పుడు సుధాకరరావు దగ్గర పని. ఆయనది రాజమండ్రి. ప్రదర్శనలు తయారుచేసే చిన్న కంపెనీ నడుపుతున్నాడు. గోడల మీద వేసే ఇంగ్లీషు వాక్యాలు రాయడం నిగార్ వంతు. ఈసారి ప్రదర్శన, జబ్బు పేరుతో మనుషుల్ని విడిగా ఉంచిన దీవుల గురించి. టోవా పాయో పేటలో ఒక హాలు తీసుకుని, ఒక్కో చోటికి ఒక్కో గోడ కేటాయించారు. సింగపూర్ పక్కనే ఉన్న సెయింట్ జాన్స్ దీవి గోడ సులువుగానే అయిపోయింది. పేచీ ఆస్ట్రేలియా గోడ దగ్గర వచ్చింది.

పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి ఎదురుగా బెర్నియర్, డోర్ అని రెండు దీవులు. నూరేళ్ళ క్రితం అక్కడి ప్రభుత్వం ఆదివాసుల కోసం వాటిమీద ఆసుపత్రులు పెట్టింది. సుఖవ్యాధులు ఉన్నాయంటూ ఎక్కడెక్కడి లోతట్టు ప్రాంతాల నుంచో మనుషుల్ని పట్టుకొచ్చేవారు. జబ్బుందో లేదో చాలాసార్లు డాక్టరైనా చూడలేదు, పోలీసులే తేల్చేవారు. మెడలకి గొలుసులు వేసి నడిపించి, ఓడెక్కించి, మగవాళ్ళని ఒక దీవిలో, ఆడవాళ్ళని ఇంకో దీవిలో దించేవారు. చాలామంది అక్కడే పోయారు. ఇంటివాళ్ళకి కబురైనా అందలేదు.

నిగార్ ఇదంతా ఉన్నదున్నట్టు రాసింది. సుధాకరరావు గొలుసుల మాట కొట్టేసి "చికిత్స కోసం తరలించారు" అని మార్చాడు. ఆమె మళ్ళీ గొలుసులు పెట్టింది. ఆయన మళ్ళీ తీశాడు.

"సార్, ఎవరు పోతమన్నరు చికిత్సకు? మెడల గొలుసేసి గుంజుకపోయిన్రు."

"స్కూలు పిల్లలొస్తారండీ నిగార్‌గారూ. కాస్త మెత్తగా రాస్తే పోయేదేముంది?"

"పిల్లలకు అబద్ధం మెత్తగ చెప్పాల్నా?"

ఆయన ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు. చివరికి గోడకి ఆయన వాక్యమే ఖాయమైంది. ప్రదర్శనకి "స్వస్థత దీవులు" అని పేరు కూడా ఆయనే పెట్టాడు. నిగార్ ఇంటికెళ్ళి కూతురు అరీబాతో చెప్పుకుంటే, "జస్ట్ రైట్ వాట్ హీ వాంట్స్ లా, అమ్మీ" అంది, ఆయన అడిగినట్టే రాసెయ్యమని సింగపూర్ యాసలో. నిగార్ అన్నం గిన్నె కాస్త గట్టిగానే బల్లమీద పెట్టింది.

ప్రారంభానికి ముందురోజు పొద్దున డోరిన్ అనే పెద్దావిడ హాలుకి వచ్చింది. ఆవిడ పశ్చిమ ఆస్ట్రేలియా ఆదివాసి. ఏదో ఆరోగ్య సదస్సు కోసం సింగపూర్ వచ్చి, ప్రదర్శన సంగతి విని చూడాలనుకుంది. ఆవిడ ముత్తవ్వని డోర్ దీవికి పట్టుకెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు.

"మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని నిగార్ ఇంగ్లీషులో అడిగింది.

"ఆంటీ అను. మాలో పెద్దవాళ్ళని అలాగే అంటారు."

"మాలో కూడా అంతే" అంది నిగార్. చాలా రోజుల తర్వాత ఆమెకి నవ్వొచ్చింది.

ఆస్ట్రేలియా గోడ దగ్గరికి రాగానే డోరిన్ ఆంటీ ముఖం పక్కకి తిప్పుకుంది. గోడ నిండా పెద్ద ఫొటో. డోర్ దీవిలో ఆసుపత్రి ముందు వరసగా నిలబెట్టిన ఆడవాళ్ళు. అప్పట్లో దీవి చూడ్డానికి వెళ్ళినవాళ్ళెవరో తీసింది.

"ఇది పెట్టేముందు ఎవరినడిగారు?"

ఎవర్నీ అడగలేదని నిగార్ ఒప్పుకుంది.

"చనిపోయినవాళ్ళ ముఖాలు ఇలా గోడకెక్కించేముందు మేం ఇంటివాళ్ళని అడుగుతాం. ఇందులో మా ముత్తవ్వ ఉందో లేదో నాకు తెలీదు. ఎవరో ఒకరి ముత్తవ్వైతే ఉంది కదా. ప్రతి ఊళ్ళోనూ ఇదే చెప్తున్నానమ్మా. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది."

విసుగంటే ఏమిటో నిగార్‌కి ఎవరూ వివరించక్కర్లేదు. "తీసేద్దామా ఆంటీ?" అని అడిగింది. ఆవిడ తీసెయ్యమనగానే స్టోరులోంచి మడత నిచ్చెన తెచ్చి ఎక్కి, ఫొటో బోర్డు విప్పడం మొదలుపెట్టింది. ఒక మూల పుటుక్కున విరిగింది. ఆ చప్పుడికి సుధాకరరావు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది? రేపు జనమొచ్చేది ఈ ఫొటో చూడ్డానికే. ఎవరినడిగి తీస్తున్నారు?"

"తీసెటప్పుడు ఆంటీనడిగిన సార్. పెట్టెటప్పుడే మనం ఎవ్వర్నడగలే."

ఆయన డోరిన్ ఆంటీ వైపు చూశాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతోంది. ఆవిడ ముందు గొంతు తగ్గించాడు. "మరి గోడ ఖాళీగా ఉంచుతామా?" అని మాత్రం గొణిగాడు.

"నేను మొదట రాసింది వేద్దం. గొలుసులతోటి."

"వెయ్యండి. ప్రదర్శన పేరు మాత్రం మార్చను. బయట బ్యానర్లు కట్టేశాం."

సాయంత్రానికల్లా గోడమీద ఫొటో పోయి వాక్యాలు వచ్చాయి. డోరిన్ ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని నింపాదిగా చదివింది. నిగార్ మెప్పు కోసం ఎదురుచూసింది.

"'పేరు లేని స్త్రీలు' అని రాశావు."

"అవును ఆంటీ."

"వాళ్ళకి పేర్లున్నాయమ్మా. దీవి రికార్డులు రాసినవాళ్ళు అడగలేదు, అంతే."

నిగార్‌కి ముందు ఒళ్ళుమండింది. ఇంత పోట్లాడి సాధించుకున్న వాక్యాలకి వంకా? మళ్ళీ చదువుకుంది. చదివేకొద్దీ కోపం తనమీదికే తిరిగింది. ప్రింటింగు షాపుకి ఫోను చేసి, ఆ ఒక్క వాక్యం మార్చి మళ్ళీ వేయించింది. వాళ్ళ పేర్లు ఎవరూ అడగలేదని అందులో రాసింది.

మర్నాడు ప్రారంభానికి జనం బాగానే వచ్చారు. డోరిన్ ఆంటీ గోడ పక్కన కాసేపు నిలబడి, నిగార్ చెయ్యి నొక్కి, విమానం టైమైందని వెళ్ళిపోయింది. కొందరు ఫొటో ఏదని అడిగారు. ఒకాయన "ఎంతైనా వైద్యం అందింది కదా" అన్నాడు. నిగార్ ఆయనకి గొలుసుల సంగతి మొదటినుంచీ చెప్పింది. ఆయన తలూపాడు. ఆ తలూపడం చూసి ఆమె మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.

ఇంతలో గోడ దగ్గర సుధాకరరావు గొంతు వినిపించింది. ఎవరో టీచర్లకి చెబుతున్నాడు: "ఆ రోజుల్లో ఉద్దేశమైతే మంచిదేనండీ..."

నిగార్ జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్ళింది.

"సార్, మీరు జరుగున్రి. నేను చెప్త."

ఆయన నిట్టూర్చి పక్కకి జరిగాడు.