గడీ గోడ వెంట కిర్రు చెప్పులు

మొన్న ఆదివారం మా తమ్ముడి బిడ్డ షాద్‌నగర్ నుంచి ఫోన్ చేసింది. వాళ్ల బడిపిల్లలకు గడీ చూపించడానికి తీసుకుపోతుందట. ఎన్ని గంటలకు తెరుస్తారు, ఏ రోజు సెలవు, తాగే నీళ్లు దొరుకుతాయా, అన్నం గిన్నెలు ఎక్కడ విప్పుకోవచ్చు అని వరసపెట్టి అడిగింది. ఇటువంటివి చెప్పడానికి మా ఇంట్లో నన్ను మించినవాళ్లు లేరు. ముప్పై ఏళ్లు పంతులమ్మగా పనిచేసినదాన్ని, పక్క ఊరిలో పెళ్లికి పోవాలన్నా ముందు కాగితం మీద రాసుకోనిదే కాలు కదలదు. అన్నీ చెప్పి చివరికి, "గుమ్మం కాడ చెప్పులు ఇడవాలె, పిల్లలకు ముందే చెప్పు" అన్నాను. ఆ మాట అన్నాక పాత సంగతి గుర్తొచ్చింది. నేను ఆ గడీకి పోయింది ఒకే ఒక్కసారి, మా పెద్దనాయినతో.

గడీ అంటే మా వైపు దొరలు ఉండిన కోటలాంటి ఇల్లు. మా ఊరి నుంచి అంగడికి పోయే బాట దాని ముందరి గోడ వెంటే పోతుంది. గోడ మొదలయ్యే మూల దగ్గర చెప్పులు విడిచి చంకలో పెట్టుకోవాలి, రెండో మూల దాటాక తొడుక్కోవాలి. ఇది ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా ఊళ్లో పాలు తాగే పిల్లలు తప్ప అందరికీ తెలుసు. గొర్లు కాసే మావాళ్లు తొడిగేవి కిర్రు చెప్పులు. అడుగున తోలు పొరలు పొరలుగా ఉంటుంది, ముల్లు దిగదు, నడిస్తే మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది. దొర గోడ పక్కన ఆ చప్పుడు చేయడమంటే దొరకు ఎదురు మాట్లాడినట్టే. పద్దెనిమిదేళ్ల వయసులో పెద్దనాయిన ఒకరోజు మంద చెదిరి గొర్రెపిల్ల వెంట పరుగెత్తుతూ చెప్పులు విడవడం మరిచిపోయాడు. దొర మనుషులు పట్టుకుని, ఆ చెప్పులే నెత్తిన పెట్టించి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా గోడ ముందర నిలబెట్టారు. అది అంగడి రోజు, ఊరంతా చూసింది. ఈ సంగతి ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు, పెద్దమ్మ చెప్పింది. ఆ తర్వాత ఆయన మళ్లీ కిర్రు చెప్పులు తొడగలేదు. చాలా ఏళ్లు వట్టి కాళ్లతోనే మంద వెంట తిరిగాడు, తర్వాత రబ్బరు చెప్పులకు వచ్చాడు.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు ఆ గడీని బాగుచేసి అందరూ చూడడానికి తెరిచారు. దొర వంశంవాళ్లు అప్పటికి ఎప్పుడో ఊరు విడిచిపోయారు. నేను పేపర్లో చదివి, "పోదామా పెద్దనాయినా?" అని అడిగాను. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, వద్దంటాడనుకున్నాను. "పోదం. గని నాకు కిర్రు చెప్పులు కావాలె బిడ్డా" అన్నాడు. ఎందుకని అడగలేదు. నా కాగితం మీద అన్నిటికంటే పైన చెప్పులు అని రాసుకున్నాను.

అప్పటికి మేమంతా ఉంటున్న అచ్చంపేటలో చెప్పుల దుకాణాలన్నీ తిరిగాం. ఒకాయనైతే, "సినిమ గిట్ల తీస్తున్నరా అమ్మా?" అని అడిగాడు. చివరికి చేతిసంచుల జిప్పులు బాగుచేసుకుంటూ కూర్చున్న ఒక ముసలాయన దొరికాడు. కిర్రు చెప్పులు అనగానే సూది పక్కన పెట్టి, పెద్దనాయిన కాళ్ల వైపు చూశాడు. "తోలు తంగేడు చెక్క నీళ్లల్ల నానాలె. జల్ది అయ్యే పని గాదు. నెలన్నర ఆగుతవా?" అన్నాడు. "గిన్నేండ్లు ఆగినోన్ని, నెలన్నరకేం" అన్నాడు పెద్దనాయిన.

చెప్పులు వచ్చాయి, వచ్చిన రోజే కరిచాయి. పెద్దమ్మ జాలిపడి వాటికి ఆముదం పట్టించింది. మెత్తబడ్డాయి గానీ వాటి నోరు పడిపోయింది, కిర్రుమనలేదు. పెద్దనాయిన రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. "నడిశెటందుకా, ఊరికి ఇనిపిచ్చెటందుకా గవి?" అని ఆమె గొణిగింది. వారం రోజులు ఎండలో పెడితే మళ్లీ కిర్రుమన్నాయి. సోమవారం గడీకి సెలవు, మంగళవారం బయలుదేరవద్దని పెద్దమ్మ పట్టుదల, అందుకని బుధవారం పొద్దున బస్సెక్కాం.

గుమ్మం పక్కనే పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది: "పాదరక్షలు ఇక్కడ విడువగలరు." పాతకాలపు నేల పాడవకూడదని పెట్టారట. ఫోన్ చేసి నీళ్ల సంగతి అడిగినదాన్ని, కూర్చోవడానికి నీడ ఉందా అని అడిగినదాన్ని, ఈ ఒక్కటి అడగలేదు. టికెట్లిచ్చే ఆయనతో వాదనకు దిగాను. "అందరికి గదే మేడం. పెద్ద పెద్ద సార్లు గూడ ఇడిసే పోయిన్రు" అన్నాడు అతను. నేను గొంతు పెంచబోతుంటే పెద్దనాయిన నా చెయ్యి పట్టుకున్నాడు.

"గాయన పని గాయన జేస్తుండు. నాకు లోపటేం పని బిడ్డా? నేను చెప్పులు ఇడిసింది గీడ గాదు, గా మూలకు" అన్నాడు.

ఇన్ని రోజులు ఆయన ఆ ఇంట్లోకి పోవాలనుకుంటున్నాడని నేను అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

గోడ మొదలయ్యే మూల దగ్గరికి పోయి నిలబడ్డాడు. తలకు చుట్టుకున్న రుమాలు సర్దుకున్నాడు. తర్వాత నడిచాడు. తొందర లేదు, తలకాయ వంచలేదు. కిర్రు, కిర్రు అని ఆ చప్పుడు గోడకు తగిలి తిరిగి వచ్చింది. గడ్డిమోపులతో ఇద్దరు ఆడవాళ్లు ఎదురొచ్చి పక్కనుంచి వెళ్లిపోయారు. ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. టికెట్లాయన ఒకసారి తల ఎత్తి చూసి మళ్లీ ఫోన్ చూసుకున్నాడు. పెద్దనాయిన రెండో మూల దాకా పోయాడు, కాసేపు అటు తిరిగే నిలబడ్డాడు, అదే నడకతో వెనక్కి వచ్చాడు.

"ఒక్కడు గూడ ఏమనలే" అన్నాడు.

"మంచిదే గద పెద్దనాయినా" అన్నాను.

"మంచిదే." గోడ వైపు తిరిగాడు. "అప్పటోడు ఎవడన్న ఒక్కడు ఇన్నా బాగుండు."

తర్వాత ఇద్దరం అందరిలాగే చెప్పులు విడిచి లోపలికి పోయి, అరగంటలో చూసి వచ్చాం. గోడలు మందం, లోపల చల్లగా ఉందన్నాడు. ఆ గోడ ఈ మూల నుంచి ఆ మూలకు నడవడానికి ఎంతో సేపు పట్టదు, ఆయనకు మాత్రం ఒక జన్మ పట్టింది. కాలం ఆయనను తలెత్తుకుని నడవనిచ్చింది గానీ, ఆ చప్పుడు వినాల్సినవాళ్లను అప్పటికే తీసుకుపోయింది.