ఎడ్లమ్మి తెచ్చిన పికప్పు

మా పెద్దబిడ్డ కాలువ గట్టు మీద పుట్టింది. పైన తాడిపత్రి పట్టా కప్పిన గుడిసె, బయట వాన. మంత్రసాని లేదు. పక్క గుడిసె ఆమె వచ్చి బొడ్డు కోసింది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. కూలీలను పనులకు తోలుకుపోయే మేస్త్రీ వెంట వలస తిరిగిన మూడేళ్ళలో నేను మరచిపోలేనిది ఆ కాన్పు కాదు. పదిరోజులైనా కాకముందే బిడ్డను ఎండలో గోనెసంచి మీద పడుకోబెట్టి, మళ్ళీ మట్టి తట్ట ఎత్తడం.

అందుకే రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు మా ఆయనకు ముందే చెప్పేశాను. "ఈ యేడు మేస్త్రీ లారీ నేనెక్క. నువ్వెక్కుతవో లేదో నీ ఇష్టం."

మొండికేయడం నాకు కొత్త కాదు. మా అత్త అయితే నేను పుట్టిందే అందుకని నలుగురిలో చెప్పేది. కానీ ఆ మాట అనేశాక నాకే భయమేసింది. వలస పోకపోతే తినేదేమిటి? ఖిల్లా ఘణపూర్ గుట్ట కనిపించే ఊరు మాది. వాన పడితే వేరుశనగ బుడ్డలు, లేకపోతే బండలు. మా మామకు ఒక జత ఎడ్లు, ఒక బండి ఉండేవి. ఊళ్ళో వాళ్ళ బుడ్డల సంచులు వనపర్తి మార్కెట్టుకు తోలేవాడు. పోను ఒక రోజు, రాను ఒక రోజు. ఎనభైల చివర్లో ట్రాక్టర్లు పెరిగి ఆ కిరాయి కూడా పలచబడింది.

మా ఆయన వలస పోయిన డ్యాముల దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. మొదట రాళ్ళు కొట్టాడు, తర్వాత టిప్పరు మీద క్లీనరుగా ఎక్కాడు, చివరికి స్టీరింగు పట్టాడు. అక్కడ తెలిసిన సూపర్‌వైజర్ ఒకాయన తిమ్మాజిపేట దగ్గర రోడ్డు పనుల క్యాంపులో ఉన్నాడు. పని అయిపోయి సామాన్లు అమ్ముతున్నారని, అందులో ఒక డీజిల్ పికప్పు ఉందని కబురు పంపాడు. మా ఆయన పోయి చూసి వచ్చాడు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

"లారీకి ఉన్నట్టు బరువు మోసే కమాన్ పట్టీలు ఉన్నయి నాయినా దానికి," అన్నాడు వాళ్ళ నాన్నతో. "లారీ దిగని చెలకలకు గూడ అది దిగుతది. నీ బండి రెండు దినాలు చేసే పని అది పూటకు చేస్తది."

"గంత మంచిదైతే ఎవరూ ఎందుకు కొంటలేరు?" అని అడిగాడు మామ.

మా ఆయన కాస్త నసిగాడు. ఆ బండికి పేరు చెడిందట. నలుగురు డ్రైవర్లు మారారట. బరువేస్తే స్టీరింగు మాట వినదని, ఉన్నట్టుండి పక్కకు పోతుందని చెప్పుకుంటారట. అందుకే చవకగా వస్తోంది. చవక అన్నా, అది మా చేతికి రావాలంటే ఎడ్లను అమ్మాలి. వేరే దారి లేదు.

మామ మూడు రోజులు ఆ మాటే ఎత్తనివ్వలేదు. నాలుగో రోజు తనే ఎత్తాడు.

"ఎద్దు కుంటితే ఆకు పసరు పోస్త. నీ ఇంజను కుంటితే ఎవని కాళ్ళు పట్టుకోవాలె? సామాను కోసం మహబూబ్‌నగర్ పోవాలె."

"ఎద్దు పని లేని నాడు గూడ తింటది నాయినా. ఇది పనున్న నాడే తాగుతది."

"పని లేని నాడు ఎద్దు పేడన్న ఏస్తది. నీ బండి ఏమేస్తది?"

"పొగ ఏస్తది మామా," అన్నాను పొయ్యి దగ్గర్నుంచి. ఇద్దరూ నా వైపు తిరిగి చూశారు. మామ మీసాల్లో నవ్వుకోవడం నాకు కనిపించింది.

నవ్వులాటకు అన్నాను గానీ నాకూ ఒక అనుమానం ఉంది. బుడ్డల కాలం రెండు నెలలు. మిగతా పది నెలలు ఆ బండికి ఏం పని? మగవాళ్ళిద్దరూ ఎద్దు గొప్పా ఇంజను గొప్పా అని వాదించుకుంటుంటే నేను బిడ్డను చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఎవరు ఏం పంపుతారు, ఎక్కడికి పంపుతారు, దేని కోసం ఎదురుచూస్తారు అని అడిగాను. ఒకరికి ఎరువు మూటలు రావాలి. ఒకరికి ఇల్లు కట్టడానికి నాపరాళ్ళు కావాలి. అమరచింత మగ్గాలకు నూలు మూటలు మోసే మనిషి బండి దొరక్క తంటాలు పడుతున్నాడని తెలిసింది. ఒక ముసలామె అయితే, "దవాఖానకు తోల్కపోతరా? నా మొగున్ని మంచం మీద మోస్కపోతుంటే దారిల్నే పోయిండు" అంది. ఇంటికి వచ్చి ఇవన్నీ చెప్పాను. మామ అన్నీ విని ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి లేచాడు.

దసరా దాటింది. మేస్త్రీ వచ్చి వారం గడువిచ్చి పోయాడు. అప్పుడు మా ఆయన సూపర్‌వైజర్‌ను బతిమాలి రెండు రోజులకు బండిని ఊరికి తెచ్చాడు. తోలి చూసుకోండి, నచ్చితే బేరం, లేకపోతే ఎక్కడిది అక్కడ పెట్టండి అన్నాడట ఆయన.

మరుసటి పొద్దున సంచులు ఎక్కించాం. ఎవరి ముఖం చూసి లేచామో గానీ, ఊరంతా కిరాయి ఇస్తామని వచ్చింది. వనపర్తికి పోయే ఆడవాళ్ళు ఐదుగురు మేమూ వస్తామని ఎక్కేశారు. నాకు ఐదో నెల. వద్దని అత్త మొత్తుకున్నా నేనూ ఎక్కాను. ఆ బండి నాకు అక్కరకొస్తుందో లేదో కళ్ళారా చూడాలి కదా. క్యాబిన్ వెనక పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఉంది. దాని పక్కన మనుషులం నిలబడ్డాం. సంచులన్నీ వెనక్కి పేర్చారు. పట్టక, వెనక పలక దించి దాని మీద కూడా పెట్టి కట్టేశారు. మామ ముందు సీట్లో కొడుకు పక్కన కూర్చున్నాడు.

చదునులో బాగానే పోయింది. గుట్ట పక్కన ఎత్తు మొదలవగానే బండి ముందు భాగం తేలినట్టయింది. ఒకసారి ఎడమకు పోయింది, మళ్ళీ కుడికి వచ్చింది. ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకున్నారు. చివరికి రోడ్డు దిగి ఒక చేను గట్టుకు ముక్కు ఆనించి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మా ఆయన కిందికి దిగాడు. ముఖమంతా చెమట. "స్టీరింగ్ చేతికి తెలుస్తలేదు నాయినా. చక్రాలు నేల మీదున్నయో గాలిల ఉన్నయో తెల్వదు. వాళ్ళు చెప్పింది నిజమే," అన్నాడు.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బండి మీద కోపం వచ్చింది. మా ఆయన మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. మేస్త్రీ లారీ, తాడిపత్రి గుడిసె, గోనెసంచి మీద బిడ్డ, అన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడ్డాయి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఆ గట్టు మీదే కూలబడ్డాను.

మామ మాత్రం తొందరపడలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి వెనక కమాన్లు చూశాడు. తర్వాత ముందుకొచ్చి బానెట్టు మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. అంత బరువైన ఇనుము ఆయన చేతుల కింద సులువుగా దిగి పైకి లేచింది. మళ్ళీ నొక్కి చూశాడు.

"సంచులు గిట్ల ఏసిందెవరు?"

"మేమే మామా. మనుషులకు పట్టుకోనీకి కడ్డీ ముందల ఉన్నది గద," అన్నాను.

"క్యాంపుల గూడ గిట్లనే ఏస్తుండిరట," అన్నాడు మా ఆయన. "కూలోళ్ళు ముందల, సిమెంటు సంచులు ఎన్కల. దించనీకి అల్కగ ఉంటదని."

"బండికి మెడ మీద బరువు లేదురా," అన్నాడు మామ. "మన బండికి ఎన్క బరువైతే ఏమైతది? కాడి లేస్తది. ఎద్దు గొంతుకు పట్టేస్తది, కాలు నేలకు ఆనదు. ఇది గూడ గంతే. ఇన్నేండ్లు టిప్పరు తోలినవు, గీ మాత్రం తెల్వదా?"

"టిప్పరుల మట్టి మిషను పోస్తది. పేర్చే పని నాకు ఎన్నడు రాలే," అన్నాడు మా ఆయన తలొంచుకుని.

సంచులన్నీ కిందికి దించాం. ఆడవాళ్ళు సణుక్కుంటూనే ఒక చెయ్యి వేశారు. మామ దగ్గరుండి బరువైనవి క్యాబిన్‌కు ఆనించి పేర్పించాడు, వెనక పలక మూయించాడు, మనుషులను వెనక వైపు కూర్చోబెట్టాడు. కడ్డీ లేదు కదా అంటే తాడు అడ్డం కట్టి ఇది పట్టుకోండి అన్నాడు. నాలుగు సంచులు మిగిలాయి. అవి ఎక్కనివ్వలేదు. తర్వాత తీసుకుపోవచ్చని అక్కడే చేను ఆసామికి అప్పజెప్పాడు. నన్ను ముందు సీట్లోకి పంపి తను వెనక ఎక్కాడు.

ఈసారి బండి ఎత్తును గీత గీసినట్టు ఎక్కింది. పైకి పోయాక మామ వెనక నుంచి కేకేసి ఆపించాడు. వెనక్కి దింపి మళ్ళీ ఎక్కించమన్నాడు. అది అయ్యాక మళ్ళీ ఒకసారి అన్నాడు. మూడోసారి నేను కిటికీలోంచి వెనక్కి చూశాను. ఆయన తాడు వదిలేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం కాకముందే వనపర్తి మార్కెట్టులో ఉన్నాం. మామ చాయ్ తెప్పించుకుని సాసరులో పోసుకుని, బండిని చూస్తూ మెల్లగా తాగాడు.

"ఇయ్యాల ఇంకొక మడత పోయి రావచ్చునా?" అని అడిగాడు.

"పోవచ్చు నాయినా."

మామ సాసరు పక్కన పెట్టి లేచి, బండి వెనక పలకను ఒకసారి తట్టి చూశాడు.

ఆ సాయంత్రం ఆయన ఎడ్లకు మామూలుకంటే ఎక్కువ చొప్ప వేసి, చాలాసేపు వాటి దగ్గరే నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది. నా పంతం కోసం ఈయన ముప్పై ఏళ్ళ బతుకును సంతకు తోలాలా అనిపించింది. దగ్గరికి పోయి, "మామా, నా మాట పట్టుకొని ఎడ్లను అమ్మకు. ఇంకొక్క యేడు పోయొస్తం," అన్నాను.

"నీ మాట కోసం గాదు బిడ్డా," అన్నాడు ఎద్దు గంగడోలు నిమురుతూ. "నా మనుమరాలు గట్టు మీద పుట్టింది. నేను ఇక్కడ ఎడ్లకు నీళ్ళు పెట్టుకుంట కూసున్న. ఇంకొకటి గట్ల పుట్టొద్దు."

నేను ఏడ్చాను. ఆయన వద్దనలేదు.

సంతలో బేరం మామూలుగా తువ్వాల కిందే జరిగింది. ఆయన చెయ్యీ దళారి చెయ్యీ లోపల వేళ్ళతో ఏం మాట్లాడుకున్నాయో మాకు తెలియదు. ఎడ్లను ఇచ్చాడు గానీ పలుపుతాళ్ళు ఇవ్వలేదు. పశువును అమ్మినా పలుపు ఇంట్లోనే ఉండాలి, అది మా ఆచారం. ఆ రెండు తాళ్ళనూ పికప్పు వెనక అడ్డంగా కట్టాడు, మనుషులు పట్టుకోవడానికి. మా అత్త మొదట పాస్టరును పిలిచి బండికి ప్రార్థన చేయించింది. ఆయన అటు పోగానే నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. అడిగితే, "ఒకరు చూడకున్న ఒకరు చూస్తరు" అంది.

మేస్త్రీకి రామని చెప్పాం. ఆయన కోపం చేసుకోలేదు. పైగా బండిని చూసి మెచ్చుకుని, కూలీలను పెద్ద రోడ్డు మీది లారీ దాకా చేర్చమని మంచి కిరాయి మాట్లాడాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను అడ్డం పడ్డాను.

"ఎరువు మొయ్యి, రాళ్ళు మొయ్యి. వలస పోయేటోళ్ళను మాత్రం గా లారీ కాడికి మన బండి తీస్కపోవద్దు."

"కడుపు నింపే బండికి షరతులేంది? మనం పోకుంటే వాళ్ళు ఆగుతరా?"

ఆయన అన్నదే నిజం. మేస్త్రీ ట్రాక్టరు తెచ్చుకున్నాడు. ఊళ్ళో వాళ్ళు ఎప్పటిలాగే పోయారు. నా పట్టుదల వల్ల ఒక్కరి వలస కూడా ఆగలేదు, మాకు కిరాయి పోయింది. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అయినా నేను మాట మార్చుకోలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో కొడుకు పుట్టాడు. మా ఇంట్లోనే, దూలం కింద, మంత్రసాని చేతుల్లో. మా ఆయన ఆ పూట నూలు మూటలతో అమరచింతలో ఉన్నాడు.

ఆ యేడు బండి మమ్మల్ని సుఖంగా ఏమీ ఉంచలేదు. రెండుసార్లు ఆగిపోయింది. ఒకసారి సామాను కోసం నాలుగు రోజులు పడిగాపులు పడ్డాం. ఎడ్లే నయమని మా అత్త సాధించింది. అయినా పని దొరకని వారం తక్కువ.

వానలకు ముందు ఒక సాయంత్రం బండి వాకిట్లో ఆగింది. వెనక నిండా మనుషులు. వలస పోయినవాళ్ళు తిరిగొచ్చి వనపర్తి బస్టాండులో మూటలతో నిలబడి ఉంటే, సంచులు దించి వస్తున్న మా ఆయన ఎక్కించుకొచ్చాడు. కిరాయి అడగలేదట. నాతో ఆ మాట చెప్పనూ లేదు, వాళ్ళే చెప్పారు. ఆయన వెంట పోయిన మామ ట్రంకుపెట్టెలూ గిన్నెల మూటలూ క్యాబిన్‌కు ఆనించి పేర్చి, మనుషుల చేతికి పలుపుతాళ్ళు ఇచ్చి కూర్చోబెట్టుకొచ్చాడు.

అందులో మా వాడలోని ఒక పిల్ల, పోయేటప్పుడు కడుపుతో ఉన్న కొత్త కోడలు, ఒళ్ళో నెలల బిడ్డతో దిగింది. నేను నీళ్ళిచ్చాను. ఆమె నా కొడుకును చూసి అడిగింది.

"యాడ పుట్టిండక్కా?"

"గీ ఇంట్లనే."

ఆమె చెంబు పట్టుకుని మా ఇంటి దూలాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మామ వైపు తిరిగి, "పెద్దయ్యా, మీ బండికి సంచులు ఎత్తనీకి మనుషులు కావాలెనా? నేను, మా ఇంటాయన ఇద్దరం ఉంటం. మల్ల దసరాకు పోము," అంది.

ఆ బండి ఒక్క ఇంటికి గిట్టుబాటు అవుతుందా లేదా అనే మేము అన్నాళ్ళూ తర్జనభర్జన పడ్డాం. మా ఆయన నా వైపు చూశాడు. నేను మామ వైపు చూశాను.

"కావాలె," అన్నాడు మామ, తాళ్ళు చుడుతూ. "ఎట్ల పేర్వాలెనో నేను నేర్పిస్త."