నారాయణమ్మకు చెప్పని మాట

ఈ పొద్దున నమూనాలు తిప్పే సెంట్రిఫ్యూజ్ ఆగాక మూత తీశాను. వేడెక్కిన మోటారు వాసన, దాంతోపాటు స్పిరిట్ వాసన గుప్పుమన్నాయి. ఆ వాసన తగిలితే చాలు, నాకు పని నేర్పిన వెంకటరమణప్ప సార్ పక్కనే నిలబడినట్టుంటుంది. బంగారు గనులు మూతపడ్డాక సగం ఖాళీ అయిన కె.జి.ఎఫ్.లో ఆయనదొక చిన్న ల్యాబు. నేనేమో తొందర మనిషిని. వీర్యకణాలు కనబడకపోతే గబగబా "లేవు" అని రాసేసేదాన్ని. ఆయన కాగితం లాక్కునేవారు. "ఒక కాపురం గురించి రాస్తా ఉండావమ్మా. ఇంగోసారి తిప్పి, ఇంగో స్లైడు చూడు" అనేవారు.

ఒకరోజు ముళబాగిలు వైపు నుంచి పట్టుపురుగులు పెంచుకునే కుటుంబం వచ్చింది. అత్త, కొడుకు, కోడలు.

"దీన్నే పరీక్ష చెయ్యండి సార్. మావాడికేమి, ఎద్దు మాదిరి ఉండాడు. బిడ్డల కోసం మొక్కుకోమని దీన్ని ఆవని కొండ మీది గుడికి ఏడేండ్లు పంపించినాను. ఇంగ వాడికి వేరే పెండ్లి చేసేస్తాను" అంది అత్త. కోడలు తల ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. సార్ మాత్రం శాంతంగా "ముందు నువ్వు రాప్పా" అని కొడుకును పిలిచారు.

మూడు స్లైడులు చూశాను. ఒక్క కణమూ లేదు. రక్తం బెంగళూరుకు పంపితే, అతని వై క్రోమోజోములో ఒక చిన్న ముక్క లేదని, అందుకే కణాల తయారీ మధ్యలోనే ఆగిపోతోందని తేలింది. ఆ రిపోర్టు కోసం ముగ్గురూ మళ్లీ వచ్చినప్పుడు సార్ అతన్ని ఒక్కణ్నే లోపల, నా బల్ల పక్కన కూర్చోబెట్టి చెప్పారు. "పుట్టుకతో వచ్చింది. నీ తప్పు కాదప్పా. ఇంట్లో చెప్పు."

"అమ్మకు యాడ చెప్పేది సార్! పరువు పోతాది. లోపం దానిదే అనేయండి" అని ఏడ్చాడతను.

సార్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "నా పెండ్లాం నారాయణమ్మ కూడా పదకొండేండ్లు ఆ కొండెక్కిందప్పా. మా అమ్మ గొడ్రాలని తిడతా ఉంటే నేను పక్కనే కూర్చోని అన్నం తిన్నాను. ఊరందరి స్లైడులూ చూసినాను, నాది చూసుకోలేదు. ఆమె చచ్చిపోయినాక చూసుకున్నాను. ఒక్కటీ లేదు."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అతను కళ్లు తుడుచుకుని లేచాడు. తర్వాత బయటికెళ్లి, బెంచీమీద కూర్చున్న తల్లితో "లోపం నాదిమ్మా. దాన్ని ఇంగేమీ అనొద్దు" అన్నాడు. అప్పుడు కోడలు తలెత్తింది.

సార్ పోయి మూడేళ్లయింది. చివరిసారి చూడబోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నారాయణమ్మకు చెప్పాల్సిన మాట నేను చెప్పలేదమ్మా. ల్యాబుకు వచ్చేవాళ్లకు నువ్వన్నా చెప్తా ఉండు" అన్నారు. ఆ ఒక్క మాటకోసం ఆయన లోలోపల ఎంత కుమిలిపోయారో అప్పుడు తెలిసింది.

ఈరోజు రెండో స్లైడులోనూ ఏమీ కనబడలేదు. బయట బెంచీమీద ఒకమ్మాయి తల దించుకుని కూర్చుంది. ఆమె భర్తను లోపలికి పిలిచాను. నారాయణమ్మను నేనెన్నడూ చూడలేదు. అయినా ప్రతిసారీ ఆమెతోనే మొదలుపెడతాను.

"కూర్చోప్పా. నారాయణమ్మ అని ఒకామె ఉండేది. ఆమె తప్పేమీ లేదు."