టకటకల బాబాయి

టకటకల బాబాయి దేన్నైనా సరే, ముందు తట్టి "లోపలికి రావచ్చాండీ?" అని అడక్కుండా తెరవడు. బీరువా తడతాడు, గొడుగు తడతాడు, టిఫిన్ డబ్బా తడతాడు. ఒకసారి పళ్ల డాక్టరు నోరు తెరవమంటే తన బుగ్గనే టకటకా తట్టుకున్నాడు.

"ఏమిటండీ ఈ చాదస్తం?" అని పిన్ని ఎన్నిసార్లు విసుక్కున్నా జవాబు ఒకటే. "పాత సమాధులు తవ్విన చేతులే ఇవి! అడక్కుండా దూరితే లోపలివాళ్లు ఊరుకుంటారా? వెనకాలే ఇంటికొస్తారు."

ఈ మాట వింటూ పెరిగిన అన్నకూతురు చిన్నప్పుడు దుప్పటి ముసుగులోంచి ముక్కు కూడా బయట పెట్టేది కాదు. పెద్దయ్యాక ఆ భయాన్నే పెట్టుబడిగా పెట్టి దయ్యాల నవలలు రాసింది. ఆమె కథల్లో ఎవరో ఒకరు మట్టి తవ్వుతారు, పాత పెట్టె మూత ఎత్తుతారు. అక్కణ్ణుంచి వాళ్లింట్లో దీపాలు వాటంతటవే ఆరిపోతుంటాయి. పాఠకులు గజగజలాడుతూనే ఎగబడి కొనేవారు.

కొత్త నవల కోసం ఆమె బాబాయి పనిచేసే మ్యూజియానికి వెళ్లింది. వెనకగది పట్టపగలే చీకటిగా ఉంది. మూల ఒక పెద్ద రాతి శవపేటిక, దాని రాతి మూత ఎప్పుడో పగిలిపోతే కప్పిన చెక్కపలకలు. బాబాయి వంగి తట్టాడు.

టక్... టక్.

లోపలి నుంచి జవాబుగా వినిపించింది. టక్... టక్.

ఆమె రెండడుగులు వెనక్కి దూకింది. బాబాయి మాత్రం చెవి ఆనించి, తల ఊపాడు.

"ఇవాళ కుదరదంటున్నారమ్మా. రేపొద్దాం పద."

ఆ వారమంతా ఆమె ఇంట్లో లైట్లన్నీ వేసుకుని రాసింది. కుర్చీ కిర్రుమంటే ఉలిక్కిపడింది. నవల చివరి అధ్యాయం దాకా వచ్చి ఆగింది. పెట్టెలో ఏముందో తెలియందే ముగింపు ఎలా?

మళ్లీ వెళ్లింది. సంగతి విన్న కొత్త డైరెక్టరు నవ్వాడు. క్రమశిక్షణ అంటే ప్రాణమిచ్చే మనిషి. ఆలస్యంగా వచ్చాడని తోటమాలిని అప్పటికే పనిలోంచి తీసేశాడు.

"దయ్యమూ లేదు, గియ్యమూ లేదు మేడమ్. రండి, మూత తీసి చూపిస్తా."

బాబాయి వాళ్ల ముందు పరిగెత్తాడు. దారిలో తలుపులు, అద్దాల పెట్టెలు, స్తంభాలు, చివరికి డైరెక్టరు చేతిలోని ఫైలు కూడా టకటకా బాదేశాడు. అయినా పెట్టె దగ్గరికి రానే వచ్చారు. డైరెక్టరు పలక మీద చెయ్యి వేశాడు.

లోపల ఏదో గుర్రుమంది. పొడుగ్గా, మెల్లగా, తడి గొంతుతో. డైరెక్టరు చెయ్యి బిగుసుకుపోయింది. పారిపోదామని ఆమె పక్కకి జరిగేసరికి పెట్టె వెనక ఒక జత బూట్లు కనిపించాయి. లోపల మేజోళ్లు మడిచి కూడా పెట్టి ఉన్నాయి.

దయ్యాలు బూట్లు విప్పి పడుకోవు కదా!

బాబాయి వంక చూసింది. ఆయన మొహం పాలిపోయింది. ఇన్నేళ్లలో ఆయన నిజంగా భయపడటం ఆమె మొదటిసారి చూసింది. ఆయన భయం లోపలివాళ్ల గురించి కాదు, మూత మీద చెయ్యి వేసినాయన గురించి.

ఆమె గొంతు తగ్గించింది. "ఎత్తండి సార్. కాకపోతే మొదట మూత ఎత్తినవాళ్ల వెనకే అది ఇంటికెళ్తుంది. నా పుస్తకాల్లో ఎప్పుడూ అంతే."

"అవన్నీ కట్టుకథలు కదండీ!"

"కట్టుకథలే. ఎత్తండి మరి. మీ ఇంట్లో చిన్నపిల్లలెవరూ లేరుగా?"

లోపల మళ్లీ గుర్రుమంది. డైరెక్టరు చెయ్యి వెనక్కి తీసుకుని, మీటింగుందని గొణిగి, నడక కాదు పరుగూ కాదు అన్నట్టు వెళ్లిపోయాడు.

పలక కొంచెం జరిగింది. మ్యూజియం కాపలావాడి కళ్లు కనిపించాయి. "సార్ వెళ్లారాండీ?"

"వెళ్లారు. ఇంకాసేపు పడుకో నాయనా," అన్నాడు బాబాయి. "పాపం, రాత్రంతా ఆస్పత్రిలో భార్య పక్కనే కూర్చుంటున్నాడమ్మా. మధ్యాహ్నం భోజనం మానేసి ఇందులో కునుకు తీస్తాడు. ఇతనికి ముందు ఊడ్చే ఆవిడ పసిబిడ్డని ఇందులోనే జోకొట్టేది. అంతకుముందు ఒకతను టార్చిలైటు వేసుకుని పరీక్షకు చదివాడు, పాసయ్యాడు కూడా. ఆ పెట్టె యజమాని ఎప్పుడో ఖాళీ చేశాడు, ఊరికే పాడుబెట్టడమెందుకని..."

"అయితే ఇంట్లో టిఫిన్ డబ్బా కూడా తట్టడమెందుకు బాబాయ్?"

"ఇదొక్కటే తడితే అనుమానం రాదూ? అన్నీ తడితే పిచ్చివాడంటారు. పిచ్చివాడి వెనక ఎవరు పడతారు చెప్పు!"

ఆమె నవల ముగించింది. అందులో పెట్టె మూత ఎవరూ తీయలేదు. ఆమె పుస్తకాలన్నింటిలోకీ అదే ఎక్కువ భయపెట్టిందని పాఠకులు ఉత్తరాలు రాశారు. మొదటి ప్రతి బాబాయి చేతిలో పెట్టింది. ఇక తన దగ్గర దాచాల్సిందేమీ లేదు గదా, ఈసారైనా మామూలుగా తెరుస్తాడేమోనని చూసింది.

ఆయన అట్ట మీద టకటకా తట్టాడు. "లోపలికి రావచ్చాండీ?"

"రా బాబాయ్," అంది ఆమె. "నీకోసమే తలుపు తీసి ఉంచాను."