నరసింహారావు గారి లాంటానా సేద్యం

మా ఎదురింటి నరసింహారావు గారి దృష్టిలో మొక్కంటే వరే. చెరుకుపల్లి దగ్గర ఏళ్ల తరబడి వరి పండించి, మోకాళ్లు అరిగాక పొలం కౌలుకిచ్చి తెనాలిలో ఇల్లు కట్టుకున్నారు. గేటుకీ వరండాకీ మధ్య కాస్త మట్టి మిగిలింది. దాన్ని చూస్తే ఆయన చేతులు ఊరుకోవు. వాళ్లావిడ రాఘవమ్మ గారికేమో అక్కడ టైల్స్ వేయించి కడిగేసుకోవాలని ఉంది.

చివరికి ఆయన నర్సరీ నుంచి లాంటానా తెచ్చారు. కంచెల్లో పెరిగే ముళ్ల రకం కాదు. ఎత్తు లేవకుండా నేలంతా పాకి, ఊదారంగు పూలు పూసే పొద. "నీళ్లు నిలవకూడదండి, వేరు కుళ్లిపోద్ది" అని నర్సరీ కృపమ్మ చెబితే తలూపారు. ఇంటికొచ్చి పంచె ఎగ్గట్టి, తాడు పట్టి వరసల్లో నాటి, చుట్టూ గట్టు వేసి, మోటారు ఆన్ చేసి నీళ్లు నిలబెట్టారు. డెల్టా మనిషికి ఎండిన నేలలో మొక్కను చూస్తే నిద్ర పట్టదు, ఏం చేస్తాం!

మొక్కలన్నీ కుళ్లాయి. నీళ్లు చాలలేదని తేల్చి, మళ్లీ తెచ్చి, గట్టు ఇంకాస్త పెంచారు. అవీ పోయాయి.

"ఈసారి చచ్చాయంటే టైల్స్ వేసేవాణ్ని పిలుస్తానండి" అన్నారు రాఘవమ్మ గారు.

ఆయన ముఖం వాడిపోయింది. ఉన్న కాస్త మట్టీ పోతుందని నిజంగానే భయపడ్డారు.

మూడోసారి నాటగానే రేపల్లెలో బావమరిది ఇల్లు కడుతుంటే పెద్దదిక్కుగా వెళ్లాల్సి వచ్చింది. అక్కణ్ణుంచి రోజూ ఫోన్.

"నీళ్లు పెట్టావా?"

"పెట్టానండి, నిండా ఉన్నాయి."

అంతా అబద్ధం. ఆయన బస్సెక్కగానే ఆవిడ పార తీసుకుని గట్టు తెంపేశారు. టైల్స్ కావాలన్న మనిషే!

శ్లాబు పడ్డాక ఆయన తిరిగొచ్చేసరికి పొద తెగిన గట్టు కూడా కనబడకుండా పచ్చగా పాకి, పూలు కూడా పూసింది.

"చూశావా, నీళ్ల మహిమ!" అన్నారు నాతో.

నా నోరు ఊరుకుంటుందా? "నీళ్లెక్కడివి బాబాయ్, గట్టు ఎప్పుడో తెగింది" అనేశాను.

ఆయన వరండా మెట్టు మీద కూలబడ్డారు. "అయితే నేను లేకపోతేనే బతికిందన్నమాట" అన్నారు మెల్లగా. నాకు ఎంత జాలేసిందో చెప్పలేను. రాఘవమ్మ గారు నన్ను చూసిన చూపుకి ఇంటికొచ్చి పడ్డాను.

ఆ తర్వాత ఆయన పొద వంక చూడనే లేదు. అదేమో ఎవరి దయా లేకుండా పెరిగి పెరిగి గేటుకి అడ్డం పడింది. ఒక ఉదయం పాలవాడు లోపలికి రాలేక కేకలు పెడుతుంటే, రాఘవమ్మ గారు అటక మీది గోనెసంచి దించి, అందులోని కొడవలి ఆయన చేతిలో పెట్టారు.

"కోతకొచ్చిందండి" అన్నారు.

ఆయన పంచె ఎగ్గట్టారు. ఇక మోకాళ్ల నొప్పి ఏమైందో తెలియదు. అడ్డం పడ్డ కొమ్మలన్నీ కోసి, పనలు వేసి, కట్టలు కట్టి, గేటు పక్కన ఏకంగా కుప్ప వేశారు. దారినపోయేవాళ్లు ఆగి చూడసాగారు.

"ఏం పంట బాబాయ్?" అని అడిగాడొకాయన.

నరసింహారావు గారు కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"ఏదైతేనేం నాయనా," అన్నారు, "చేతికొచ్చింది."