అరంగుళం మేస్త్రీ పెద్ద టైర్లు

టైర్ల కొట్టు మేస్త్రీని ఆ వీధిలో అందరూ అరంగుళం అనే పిలుస్తారు. పెద్ద టైర్లు వేయించుకుని దర్జాగా తిరుగుదామని ఎవరొచ్చినా, టేపు తీసి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య సందు కొలిచి, "అరంగుళం తక్కువైంది, కుదరదు" అనేస్తాడు. కుర్రకారు ముఖాలు వేలాడేసుకుని ఎదుటి కొట్టుకు పోతారు. పుట్టు పిరికివాడనుకుంటే మాత్రం పొరపాటే. ఒకప్పుడు ఈ పనిలో అతన్ని మించినవాడు లేడు.

పదేళ్ల కిందట బావమరిది బండికి పెద్ద టైర్లు వేశాడు. ఖాళీ బండి మీద సందు చూసి, సరిపోయిందని చేతులు దులుపుకున్నాడు. ఇల్లలకగానే పండగ కాదు కదా. వారం తిరక్కుండా, బండి నిండా జనంతో మలుపు తిరుగుతుంటే టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తొడుగును పట్టేసింది. స్టీరింగ్ బిగుసుకుపోయి బండి కాలవలోకి దిగింది. మిగతావాళ్లు గీతలతో బయటపడ్డారు. బావమరిది కుడి మోచెయ్యి మాత్రం ఈనాటికీ పూర్తిగా చాపుకోలేడు. అతను ఒక్క మాట అనలేదు, కానీ మళ్లీ ఆ కొట్టు గడప తొక్కలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని మేస్త్రీ చాలాసార్లు అనుకున్నాడు.

అలాంటివాడి ముందుకు పెద్ద టైర్లు కావాలని భార్యే వచ్చి నిలబడింది. ఆమె ఆసుపత్రి ఎస్‌యూవీ నడుపుతుంది. కొండ మీది ఇళ్ల నుంచి అయిదుగురు కిడ్నీ రోగులను వారానికి రెండుసార్లు తెచ్చి, రక్తం శుద్ధి అయ్యాక మళ్లీ దిగబెడుతుంది. వానలకు దారి కొట్టుకుపోయి రాళ్లు తేలాయి. వెనక ఇరుసు మధ్యనుండే ఇనప గుండు రెండుసార్లు రాయికి తగిలింది.

"ఇంకోసారి తగిలితే బండి పైకి పంపనన్నారు డాక్టరుగారు. అప్పుడు వాళ్లెలా వస్తారండీ?"

"స్ప్రింగులు మార్చి ఎత్తు పెంచమను."

"దాంతో బాడీ లేస్తుంది గానీ ఇరుసు లేవదని మీరే కదా చెప్పారు. పైగా ఆ అయిదుగురిలో పెద్దావిడ ఇప్పుడే కాలెత్తి ఎక్కలేకపోతోంది. రెండంగుళాలు ఎత్తు ఎక్కువున్న టైరు వేస్తే ఇరుసు అంగుళం లేస్తుంది, మెట్టూ అంగుళమే పెరుగుతుంది."

తన పాఠం తనకే అప్పజెప్పింది. వేస్తే భయం, వేయకపోతే అయిదు ప్రాణాలు. అడకత్తెరలో పోకచెక్కయ్యాడు.

రెండు రోజులు మీనమేషాలు లెక్కపెట్టి, శుక్రవారం ట్రిప్పు అనగా గురువారం పొద్దున టైర్లు బిగించాడు. ఈసారి టేపును నమ్మలేదు. సుద్దపొడి తడిపి చక్రాల గూళ్ల లోపలంతా పూశాడు. టైరు ఎక్కడ రాసుకున్నా అక్కడ సుద్ద చెరుగుతుంది. ఇక కావలసింది అయిదుగురి బరువు. అత్తగారినీ, తన అక్కనూ, పక్క వెల్డింగ్ షాపు దంపతులనూ పిలిపించాడు.

"అయితే నన్ను బరువుకు పిలిచావా అల్లుడూ?" అంది అత్తగారు.

"మీరొక్కరు రావడంతో ముగ్గురిని పిలిచే పని తప్పింది అత్తయ్యా."

ఆవిడ మూతి ముడుచుకునే ఎక్కింది. అయిదో మనిషి దొరకలేదు. ముందు సీట్లో సిమెంటు బస్తా పెట్టారు. భార్య స్టీరింగ్ ఈ చివరికీ ఆ చివరికీ తిప్పుతూ, గట్టు మీదికి ఒక చక్రం ఎక్కించి దింపి, వీధి చివరి గుంటలోంచి మలుపు తిప్పి తెచ్చింది. సుద్ద ఎక్కడా చెరగలేదు. మేస్త్రీ గట్టిగా ఊపిరి వదిలాడు.

తల్లిని దిగబెట్టడానికొచ్చిన బావమరిది అంతసేపూ వీధిలోనే నిలబడి చూస్తున్నాడు. ఇప్పుడు లోపలికొచ్చి, బస్తాను ఎడమ చేత్తో కిందికి లాగి, తానెక్కి కూర్చున్నాడు.

"బస్తా యాభై కిలోలు, నేను ఎనభై. పైగా మలుపులో బస్తా ఒరగదు బావా, మనిషి ఒరుగుతాడు."

బండి మళ్లీ వెళ్లొచ్చింది. ముందు ఎడమ గూట్లో బొటనవేలంత మేర సుద్ద చెరిగిపోయింది.  కాలవ, అందులోకి దిగిన బండి, ఆ చెయ్యి అన్నీ మేస్త్రీ కళ్లముందు తిరిగాయి.

"తీసేస్తాను," అన్నాడు.

"ఎందుకు తీయడం? అప్పుడు ఎక్కడ తగులుతుందో మనకి తెలియలేదు. ఇప్పుడు తెలిసిందిగా. పని చూడు," అన్నాడు బావమరిది.

మేస్త్రీ కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు. వేడిగాలి పెట్టి ప్లాస్టిక్ తొడుగును మెత్తబరిచి వెనక్కి నొక్కాడు, అడ్డొచ్చిన మూలను కోసేశాడు, తొడుగును బిగించే మరను లోపలికి జరిపాడు. మళ్లీ సుద్ద పూశాడు. మళ్లీ అదే అయిదుగురు ఎక్కారు. మూడుసార్లు తిప్పినా పూసిన సుద్ద పూసినట్టే ఉంది.

శుక్రవారం ఆసుపత్రి గేటు దగ్గర మేస్త్రీ గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు. బండి వచ్చింది. అయిదుగురూ దిగారు. పెద్దావిడ మాత్రం మెట్టు అంగుళం పెరిగిందని అతన్నే తిట్టుకుంటూ దిగింది. ఆ తిట్లు అతనికి చల్లగా తగిలాయి. కిందికి వంగి చూస్తే ఇనప గుండుకు కొత్త దెబ్బ లేదు, గూట్లో సుద్ద చెరగలేదు.

కొట్టుకు తిరిగొచ్చేసరికి వాకిట్లో బావమరిది బండి ఆగి ఉంది. వంగిన మోచేతిని కిటికీ మీద ఆనించి అడిగాడు.

"నా బండికెప్పుడు వేస్తావు బావా?"

మేస్త్రీ వంగి ఆ బండి చక్రాల గూళ్లలోకి చూశాడు.

"రేపు తే. వచ్చేటప్పుడు అత్తయ్యను కూడా తీసుకురా."